స్టార్ ఫ్రూట్ మన వంటింట్లో: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి ఊళ్ళలో పండ్ల బండ్ల మీద బత్తాయిల పక్కన అప్పుడప్పుడు ఒక కొత్త కాయ కనిపిస్తోంది. పసుపుపచ్చ రంగు, నిలువునా ఐదు అంచులు, మైనపు మెరుపు. ముచ్చటపడి కొంటారు, ఒక ముక్క కొరుకుతారు, పళ్ళు పులిసిపోయి మిగతాది ఫ్రిజ్‌లో ఓ మూల పెట్టేస్తారు. పెరట్లో చెట్టున్నవాళ్ళ బాధ ఇంకోలా ఉంటుంది. బుట్టలకొద్దీ కాస్తుంది, ఏం చేయాలో తోచదు.

నా అభిప్రాయం ఒకటే. దీన్ని పండుగా చూస్తే మనకు నచ్చదు. మామిడికాయలా, చింతకాయలా కూరలో వేసే పులుపుగా చూస్తే చాలా బాగుంటుంది. అయితే కిడ్నీ జబ్బు ఉన్న మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఈ కాయను గడప లోపలికే తేకూడదు. ఇరుగుపొరుగు, బంధువులు తరచుగా అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

అసలు ఇదేం పండు?

అందరూ అనే పేరు స్టార్ ఫ్రూట్. కరంబోలా అని కూడా అంటారు. ఆగ్నేయాసియా చెట్టు, ఇండోనేషియా, మలేషియా వైపుది. మన దేశంలో కేరళ పెరళ్ళలో బాగా కనిపిస్తుంది. తోలు తీయక్కర్లేదు, మొత్తం తినొచ్చు. కరకరలాడుతుంది, కొరికితే నీళ్ళు కారతాయి. 100 గ్రాముల్లో దాదాపు 91 గ్రాములు నీరే. విటమిన్ సి సుమారు 34 మిల్లీగ్రాములు, కేలరీలు 31 దాకా ఉంటాయి. నీరు ఇంత ఎక్కువని గుర్తుపెట్టుకుంటే వంటలో సగం ఇబ్బందులు రావు.

మా నాయనకి డయాలసిస్ జరుగుతోంది. ఒక్క ముక్క రుచి చూస్తే ఏమవుతుంది?

ఒక్క ముక్క కూడా పెట్టొద్దు. జ్యూస్ వద్దు, పచ్చడి వద్దు, పులుసులో ఉడికిన ముక్క కూడా వద్దు.

ఈ కాయలో రెండు చెడ్డ పదార్థాలు ఉన్నాయి. ఒకటి ఆక్సలేట్. అది కిడ్నీలో స్ఫటికాలుగా పేరుకుంటుంది. రెండోది కరంబాక్సిన్ అనే విషం. దీన్ని 2013లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు గుర్తించారు. కిడ్నీలు బాగా పనిచేసే మనిషిలో అది మూత్రంలో బయటికి పోతుంది. కిడ్నీ పాడైన మనిషిలో రక్తంలోనే నిలిచి మెదడుకు చేరుతుంది. తిన్న కొద్ది గంటల్లో ఆగని ఎక్కిళ్ళు మొదలవుతాయి. తర్వాత వాంతులు, కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు, నిద్ర పట్టకపోవడం, మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం, ఫిట్స్. ప్రాణాలు పోయిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. సగం పండుతోనే జబ్బుపడ్డవాళ్ళు కూడా ఉన్నారు.

ఈ విషయం మన జిల్లాల్లో గట్టిగా చెప్పాలి. కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్ళ బాధ, కిడ్నీ జబ్బుల బాధ ఎప్పటినుంచో ఉన్నాయి. డయాలసిస్‌కి తిరిగే మనుషులు అటువైపు ఊళ్ళలో ఉన్నారు. విటమిన్లున్న పండు, పేషెంటుకు బలం అని ప్రేమగా కొనుక్కెళ్ళే ప్రమాదం ఉంది. ఆసుపత్రికి చూడ్డానికి వెళ్ళేటప్పుడు పండ్ల సంచిలో ఇది మాత్రం ఉండకూడదు.

తెలియక తినేశారు. ఇప్పుడేం చేయాలి?

ఎక్కిళ్ళు వస్తాయేమో చూద్దామని ఇంట్లో కూర్చోవద్దు. మామూలుగా డయాలసిస్ చేయించుకునే చోటికి వెంటనే ఫోన్ చేసి "స్టార్ ఫ్రూట్ తిన్నారు" అని అదే మాటతో చెప్పండి. దీనికి చికిత్స డయాలసిస్సే. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఎక్కిళ్ళకు చక్కెర నోట్లో వేయడం, నీళ్ళు తాగించడం లాంటి చిట్కాలతో టైమ్ పోగొట్టుకోవద్దు. వీలైతే తిన్న కాయను, లేదా దాని ఫోటోను వెంట తీసుకెళ్ళండి. ఈ పండును ఎప్పుడూ చూడని డాక్టరు ఉండొచ్చు.

ఉడికిస్తే, ఎండబెడితే విషం పోతుంది కదా?

అలా అనుకోవద్దు. ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే ఆక్సలేట్ కొంత వాటితో పోతుంది గానీ, మనం పులుసు, పప్పు వండేటప్పుడు ఆ నీళ్ళు కూడా తింటాం. కిడ్నీ పేషెంటుకు ఏ రూపంలోనూ పనికిరాదు. పులుసు గిన్నె ఇంట్లో అందరికీ ఒకటే. అందరి కంచాల్లో పడేది ఆ పేషెంటు కంచంలోనూ పడుతుంది. అందుకే అలాంటి ఇంట్లోకి కాయే తేకూడదు అన్నాను.

మాకు ఏ జబ్బూ లేదు. ఎంత తినొచ్చు?

అన్నం తిన్నాక నాలుగు ముక్కలు తిన్నా, ఒక పూట కూరలో తిన్నా ఆరోగ్యవంతులకు ఇబ్బంది ఉండదు. ప్రమాదమంతా జ్యూస్‌లో ఉంది. ఖాళీ కడుపుతో పెద్ద గ్లాసులకొద్దీ పుల్లటి జ్యూస్ తాగితే, అప్పటిదాకా బాగున్న కిడ్నీలు కూడా ఉన్నట్టుండి దెబ్బతిన్న సందర్భాలున్నాయి. పుల్లని కాయల్లో ఆక్సలేట్ ఎక్కువ ఉంటుంది. బరువు తగ్గుతారనో, షుగర్ దిగుతుందనో ఫోన్లలో తిరిగే సలహాలు చూసి పొద్దున్నే పరగడుపున ఈ జ్యూస్ తాగేవాళ్ళను దయచేసి ఆపండి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు కూడా దీనికి దూరంగా ఉండాలి. ఎక్కువమందిలో వచ్చే రాళ్ళు కాల్షియం ఆక్సలేట్‌వే.

షుగర్ ఉన్నవాళ్ళు?

పండులో చక్కెర తక్కువే, 100 గ్రాములకు సుమారు 4 గ్రాములు. కానీ షుగర్ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో కిడ్నీ చప్పుడు లేకుండా దెబ్బతింటుంది. కాళ్ళ వాపు వచ్చేదాకా తెలియదు. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకుని బాగున్నాయని తెలిశాకే తినండి. బీపీ ఉన్నవాళ్ళకూ ఇదే మాట.

రోజూ మాత్రలు వేసుకుంటాం. పర్వాలేదా?

మందుల్ని శరీరం అరిగించుకోవడానికి వాడే ఒక ఎంజైమును ఈ పండు రసం అడ్డుకుంటుందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. కొలెస్ట్రాల్ మాత్రలు కొన్ని ఈ కోవలోకే వస్తాయి. రోజూ మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్ని ఒకమాట అడగండి.

కొనేటప్పుడు తీపిదో పుల్లదో ఎలా తెలుస్తుంది?

పూర్తిగా పసుపు తిరిగి, అంచులు కండపట్టి లావుగా ఉన్నది కొంచెం తియ్యగా ఉండే అవకాశం ఎక్కువ. అంచులు సన్నగా కత్తిలా ఉండి, పచ్చగా ఉన్నది పులుపు. వంటకు నేను ఎప్పుడూ రెండో రకమే ఏరతాను. అంచుల మీద సన్నని గోధుమరంగు గీత ఉంటే భయపడక్కర్లేదు, అది గీసేస్తే పోతుంది. నొక్కితే మెత్తగా దిగిపోయేది మాత్రం వద్దు.

పచ్చి కాయను బియ్యం డబ్బాలో పెడితే మాగి తీపెక్కుతుందా?

ఎక్కదు. రంగు పసుపు తిరుగుతుంది, వాసన వస్తుంది, తీపి మాత్రం పెరగదు. చెట్టు మీద ఎంత తీపెక్కితే అంతే. పుల్లకాయ కొనేశారంటే దాన్ని వంటలో వాడుకోవడమే.

కోయడం ఎలా?

బాగా కడిగి రెండు చివరలూ తీసేయండి. ఐదు అంచుల మీదా కత్తితో సన్నగా ఒక చెక్కు తీయండి, ఆ నారలోనే కాస్త వగరు ఉంటుంది. తర్వాత అడ్డంగా చిటికెన వేలు మందాన కోసి గింజలు తీసేస్తే సరి. పులుసుకు ఇంకాస్త మందంగా కోయండి, లేకపోతే కరిగిపోతాయి.

అల్యూమినియం గిన్నెలో వండొద్దు. ఇంత పులుపు తగిలితే గిన్నె లోహం కొంత కూరలోకి దిగి, ఒక లోహపు రుచి పడుతుంది. స్టీలు గిన్నె గానీ మట్టి చట్టి గానీ తీసుకోండి. కలపడానికి మన ఉదయగిరి చెక్క గరిటెను మించింది లేదు.

పప్పులో వేయొచ్చా? మామిడికాయ పప్పులాగే చేయాలా?

వేయొచ్చు, మొదటిసారి వండేవాళ్ళు పప్పుతోనే మొదలుపెట్టండి. తేడా ఒక్కటే, కాయను పప్పుతో కలిపి ఉడికించకూడదు. పులుపు తగిలితే కందిపప్పు సరిగా ఉడకదు, బద్దలు బద్దలుగా మిగిలిపోతుంది. పైగా ఈ కాయ ఊర్చే నీళ్ళకు పప్పు పలచబడుతుంది.

ఒక గ్లాసు కందిపప్పు పసుపు వేసి, నీళ్ళు మామూలుకంటే కాస్త తగ్గించి, మెత్తగా ఉడికించి ఎనిపి పెట్టుకోండి. మూకుడులో నూనె వేసి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువ తాలింపు పెట్టండి. ఉల్లిపాయ, చీల్చిన పచ్చిమిర్చి మగ్గాక రెండు మూడు కాయల ముక్కలు, ఉప్పు వేసి మూత పెట్టండి. నాలుగైదు నిమిషాల్లో ముక్క మెత్తబడుతుంది. అప్పుడు పప్పు పోసి ఒక్క ఉడుకు రానిచ్చి దించండి. చింతపండు అక్కర్లేదు. పులుపు చాలకపోతే దించాక నిమ్మకాయ పిండుకోండి. గూడూరు నిమ్మకాయలు చేతికందే దూరంలో ఉన్న మనకు అదేం కొరత కాదు.

మొలగొలుకుల అన్నంలో ఈ పప్పు, నెయ్యి, పక్కన వేయించిన వడియాలు ఉంటే ఆ పూటకు ఇంకేం వద్దు.

పాలకూర పప్పులో వేస్తే బాగుంటుంది కదా?

రుచికి బాగానే ఉంటుంది గానీ వద్దు. పాలకూర, తోటకూర, చుక్కకూరల్లోనూ ఆక్సలేట్ ఎక్కువ. ఒకే గిన్నెలో రెండూ కలిపితే ఆ భారం అంతా ఒకే పూట కిడ్నీల మీద పడుతుంది. సొరకాయ, బీరకాయ, దోసకాయలతో కలపండి. సొరకాయ చప్పదనానికి ఈ పులుపు చక్కగా సరిపోతుంది.

నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ బదులు ఇది వేస్తే?

ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ రాశానంటే నమ్మండి. మన చేపల పులుసుకు మామిడికాయ ముక్క ప్రాణం. ఎండాకాలం దాటితే మంచి మామిడికాయ దొరకదు. స్టార్ ఫ్రూట్ వానాకాలం చివర ఒక కాపు, చలికాలంలో మరో కాపు వస్తుంది. అంటే మామిడికాయ లేని నెలల్లో ఇది చేతికొస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుని, చెరువుల్లో చేప బాగా దొరికే రోజుల్లో పులుసు పెట్టుకోవాలనిపిస్తే ఇది అక్కరకొస్తుంది.

కొరమీను గానీ బొమ్మిడాయలు గానీ తీసుకోండి. కిలో చేపకు మామూలుగా నానబెట్టే చింతపండులో సగమే నానబెట్టండి. చింతపండు పూర్తిగా మానేయొద్దు. పులుసుకు చిక్కదనం, ఎర్రటి రంగు దానివల్లే వస్తాయి. ఈ కాయ పులుపునిస్తుంది గానీ చిక్కదనం ఇవ్వదు.

వెడల్పాటి మట్టి చట్టిలో నూనె కాస్త ధారాళంగా వేసి ఆవాలు, మెంతులు, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేయించండి. టమాటా వేసి గుజ్జయ్యాక పసుపు, కారం, ధనియాల పొడి, ఉప్పు. తర్వాత చింతపండు పులుసు పోసి, నూనె పైకి తేలేదాకా మరగనివ్వండి. ఇక్కడ తొందరపడితే పులుసు పచ్చివాసన వస్తుంది. అప్పుడు చేప ముక్కలు వేయండి. చేప సగం ఉడికాక మందంగా కోసిన స్టార్ ఫ్రూట్ ముక్కలు పైన పరచండి. మామిడికాయను ఇంతకంటే ముందే వేస్తాం. ఇది త్వరగా మెత్తబడుతుంది కాబట్టి చివరి ఐదారు నిమిషాలు చాలు. గరిటె పెట్టొద్దు, చట్టిని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. దించేముందు వేయించి దంచిన మెంతులు, జీలకర్ర పొడి చల్లండి.

వండిన పూటే తినేయకుండా రాత్రి వండి పొద్దున తినండి. ముక్కలకు పులుసు పడుతుంది, పులుసుకు కాయ వాసన పడుతుంది. మామిడికాయ ఇచ్చే గాటు దీనికి లేదు. కానీ ఆ ముక్క కొరికినప్పుడు లోపల్నుంచి వచ్చే రసం మామిడికాయలో ఉండదు.

ఎండు చేపల పులుసులో కూడా వేయొచ్చు. ఉప్పు ముందే ఎక్కువుంటుంది, చూసుకోండి. రొయ్యల ఇగురులో మాత్రం నాకు నచ్చదు. ఇగురుకు నీళ్ళు ఇంకిపోవాలి, ఈ కాయ నీళ్ళు వదులుతూనే ఉంటుంది. ఆ నీళ్ళు ఇంకేలోపు రొయ్య గట్టిపడిపోతుంది.

రోటిపచ్చడి?

చాలా బాగుంటుంది. ముందు కాయ ముక్కల్ని కొద్ది నూనెలో మూత పెట్టకుండా వేయించండి, నీళ్ళన్నీ ఇంకి ముక్క దగ్గరపడాలి. పచ్చిమిర్చి విడిగా వేయించండి. ఆవాలు, మెంతులు, మినప్పప్పు, జీలకర్ర వేయించి రోట్లో ముందు అవి నూరి, తర్వాత పచ్చిమిర్చి, ఉప్పు, వెల్లుల్లి, చివర్లో కాయ ముక్కలు వేసి కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీ అయితే ఒక్క తిప్పు చాలు, ఎక్కువ తిప్పితే జావైపోతుంది. వేయించిన వేరుశనగ గుళ్ళు గుప్పెడు కలిపితే పులుపు తగ్గి దోశలోకి కూడా బాగుంటుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది.

ఆవకాయలా నిల్వ పచ్చడి పెట్టొచ్చా?

ఆవకాయ పద్ధతి కుదరదు. కాయలో నీరు ఎక్కువ, నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. మాగాయ పద్ధతిలో చేయండి. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో ఊరనివ్వాలి. రెండు మూడు రోజులకు ఊటలోంచి ముక్కలు పిండి తీసి, ఎండలో బాగా ఎండబెట్టాలి. ఊటను కూడా ఎండలో పెట్టాలి. ముక్కలు వడిలి ముడతలు పడ్డాక మళ్ళీ ఊటలో కలిపి కారం, మెంతిపిండి, ఆవపిండి, కాచి చల్లార్చిన నూనె వేసుకోవాలి. చిక్కు ఏమిటంటే, ఈ కాయ మొదటి కాపు వచ్చే రోజులు మనకు వానల రోజులే. అక్టోబరు, నవంబరుల్లో మొదలుపెడితే ఎండ దొరకక అంతా పాడవుతుంది. సంక్రాంతి చుట్టూ వచ్చే కాపుతో పెట్టుకోండి.

పిల్లలు ఉప్పు, కారం అద్దుకుని తింటున్నారు. ఆపాలా?

ఆరోగ్యంగా ఉన్న పిల్లలు అన్నం తిన్నాక రెండు మూడు ముక్కలు తింటే ఆపక్కర్లేదు. ఖాళీ కడుపుతో కాయలకు కాయలు తింటుంటే ఆపండి.

బిలింబి కూడా ఇదే కదా?

దగ్గరి చుట్టం, అదే జాతి చెట్టు. చిన్న దోసకాయలా ఉండి కాండానికే గుత్తులుగా కాస్తుంది, పులుపు ఇంకా ఎక్కువ. ఆక్సలేట్ కూడా చాలా ఎక్కువ. కొలెస్ట్రాల్ తగ్గుతుందని బిలింబి జ్యూస్ తాగి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు కేరళలో నమోదయ్యాయి. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

చెట్టు నిండా కాస్తోంది. అందరికీ పంచొచ్చా?

పంచండి, కానీ చేతిలో పెట్టేముందు "ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా?" అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. పనివాళ్ళకు ఇచ్చేటప్పుడు, గుడి దగ్గర పంచేటప్పుడు కూడా అడగాల్సిందే. అడగడానికి వీల్లేని చోట పంచకపోవడమే మేలు. మిగిలినవి ముక్కలు కోసి, గింజలు తీసి, గాలి చొరబడని డబ్బాలో ఫ్రీజర్లో పెట్టుకోండి. కరకరలాడే గుణం పోతుంది గానీ పప్పుకు, పులుసుకు నెలల తరబడి పనికొస్తాయి.

మన నేలల్లో చెట్టు పెరుగుతుందా?

పెరుగుతుంది, చోటు చూసి పెట్టాలి. నీళ్ళు నిలిచే నల్లరేగడి కంటే ఇసుక కలిసిన ఎర్రనేల నయం. ఉప్పు నీళ్ళకు తట్టుకోదు, కాబట్టి మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆశ పెట్టుకోవద్దు. మార్కాపురం, గిద్దలూరు వైపు రోహిణి కార్తె వడగాలికి లేత మొక్క మాడిపోతుంది. ఇంటి గోడకు తూర్పు పక్కన, మధ్యాహ్నం తర్వాత నీడపడేచోట నాటి, మొదటి రెండు ఎండాకాలాలూ పందిరి వేయండి. సున్నం ఎక్కువున్న నేలలో ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరుగుతుంది, అది ఇనుము లాంటి సూక్ష్మపోషకాలు అందకపోవడం వల్ల. పశువుల ఎరువు బాగా వేయండి, ఇనుము మందు ఆకుల మీద పిచికారీ చేయండి.

గింజ నాటాలంటే పండులోంచి తీసిన వెంటనే నాటాలి, కొద్ది రోజులు ఆరితే మొలవదు. గింజ మొక్క ఏళ్ళు పట్టిస్తుంది, పైగా కాయ తీపో పులుపో కాసేదాకా తెలియదు. కడియం నర్సరీల నుంచి వచ్చే అంటు మొక్క తెచ్చుకుంటే త్వరగా కాస్తుంది. వంటకే అయితే పుల్లరకం అడిగి తీసుకోండి. కాయ పసుపు తిరిగేసరికి రామచిలుకలు గింజల కోసం చీల్చేస్తాయి, పండు ఈగ కూడా వాలుతుంది. తినడానికి ఉంచే కాయలకు పిందె దశలోనే కాగితం సంచి కట్టండి. పులుసుకు కావాల్సినవి పచ్చిగానే కోసేస్తాం కాబట్టి వాటికి ఆ పని లేదు.